మన చర్మము: దాని నిర్మాణము, పనులు, మందు చల్లు వేళ దాని సంరక్షణ
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



పైరు తెగుళ్లను గూర్చి, పశువుల రోగములను గూర్చి ఈ వేదిక మీద చాలమంది చెప్పియున్నారు. ఈ దినము మీ ఒంటిని గూర్చి, అందులోను ముఖ్యముగా చర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. ఇది డాక్టరుగారు చెప్పవలసిన సంగతి గదా, వ్యవసాయము చెప్పువారికి దీనితో ఏమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. పని ఉన్నది. చేనులో మందు కొట్టు మనిషి ఒంటికి చేరు విషములో ఎక్కువ భాగము ముక్కు ద్వారా పోదు, నోటి ద్వారాను పోదు. చర్మము మీదనే పడి, చర్మము ద్వారానే లోపలికి పోవును. ముక్కుకు తుండుగుడ్డ గట్టిగా బిగించుకొని, వీపు తడిసి, లుంగీ తడిసి, కాళ్లకు చెప్పులైన లేక పత్తిచేలో నడచు రైతును మనము ఏ ఊరికి పోయినను చూచుచున్నాము. అతడు జాగ్రత్త తీసికొనలేదని అనుటకు వీలులేదు. తీసికొన్నాడు, కాని దొంగ దొడ్డి దారిన వచ్చుచుండగా వీధి తలుపుకు గొళ్లెము పెట్టినాడు.

శరీరమును గూర్చి మీకు తెలిసిన లెక్కతోనే మొదలుపెట్టుదును. పైరుకు నత్రజని, భాస్వరము, పొటాషు కావలెనని మీకు ఎవరును చెప్పనక్కరలేదు. మన ఒంటిలోను ఇవి ఉన్నవి. 60 కిలోల బరువు గల మనిషిలో సుమారు 1.8 కిలోల నత్రజని ఉండును. నాలుగు కిలోల యూరియాలో ఉండునది అంతే. భాస్వరము సుమారు 600 గ్రాములు, అనగా మూడు కిలోల డి.ఎ.పి.లో ఉండునంత, అందులో ఎక్కువ పాలు ఎముకలలోనే ఉన్నది. పొటాషియము సుమారు 130 గ్రాములు, అనగా పావు కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాషులో ఉండునంత. ఒంటి బరువులో నూటికి 60 పాళ్లకు దగ్గరగా నీరే. మిగిలినది కర్బనము, సున్నము మొదలగునవి. సరుకు చూచిన ఇంతే. కొట్టులో కొనిన పెద్ద ఖర్చు కాదు. దానిని కట్టిన తీరులోనే ఉన్నది విశేషమంతయు.

ఈ సరుకుతో కట్టినవి జీవకణములు. మన ఒంటిలో అవి 30 లక్షల కోట్లకు పైబడి ఉన్నవి. కణమనగా గోడ గల చిన్న గది అనుకొనుడు. ఆ గోడ మట్టితోను రాతితోను కట్టినది కాదు, కొవ్వుతో కట్టినది. భాస్వరము కలిసిన కొవ్వు అణువులు రెండు వరుసలుగా నిలిచి ఆ గోడ ఏర్పడినది. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతు కన్న తక్కువ. గోడకు లోపల పొటాషియము ఎక్కువ, వెలుపల సోడియము ఎక్కువ. ఈ తేడా చెడిన నరము పనిచేయదు, గుండె కొట్టుకొనదు. అందుచేత ప్రతి కణమును రాత్రింబగళ్లు ఏతము త్రొక్కినట్లు సోడియమును బయటికి తోడుచు, పొటాషియమును లోపలికి చేర్చుచుండును. మనము ఊరక కూర్చున్నపుడు ఒంటిలో ఖర్చగు శక్తిలో సుమారు అయిదవ వంతు ఈ ఏతమునకే పోవుచున్నది.

గోడ కొవ్వుది గనుక నీటిలో కరగు ఉప్పు వంటి పదార్థము తనంతట తాను దానిని దాటలేదు. దానికొరకు ఉన్న ద్వారము ద్వారానే పోవలెను. నూనెలో కరగు పదార్థమునకు ద్వారముతో పనిలేదు. గోడలోనే కలిసిపోయి అవతలకు చేరును. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొనుడు. తక్కిన ప్రసంగమంతయు దీని మీదనే నడచును.

ఇక చర్మము. పెద్ద మనిషి చర్మమును పరచి కొలిచినచో ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు ఉండును. మనిషి పడుకొను చాప యంత. అందులో రెండు పొరలున్నవి. లోపలి పొర దళసరిది. రక్తనాళములు, నరములు, వెండ్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు అన్నియు అందులోనివే. పశువుల తోలు ఊనినపుడు చెప్పులకు మిగులునది ఈ లోపలి పొరయే. పై పొర చాల పలుచనిది. చెప్పు గట్టిదనము చూచి చర్మము గట్టిదని మనము అనుకొందుము గాని, నీటిని నిలుపుట, విషమును ఆపుట అనునవి ఆ గట్టి పొర పనులు కావు. అవి పైనున్న పలుచని పొర చేయుచున్నది.

ఆ పై పొర అడుగు భాగమున కణములు ఎల్లప్పుడు పుట్టుచుండును. పుట్టిన కణము పైకి జరుగును. జరుగుకొలది కెరటిన్ అను మాంసకృత్తుతో నిండును. మన వెండ్రుక, గోరు, ఎద్దు కొమ్ము, గిట్ట, ఇవన్నియు కెరటినే. పైకి చేరుసరికి కణము చచ్చి పొలుసు వలె పలుచబడును. అడుగున పుట్టినది పైకి వచ్చి రాలిపోవుటకు సుమారు నాలుగు వారములు పట్టును. వరినారు పోసినది మొదలు పీకువరకు ఎన్ని దినములో అన్ని. తలంటి పోసికొనునపుడు ఒంటిని రుద్దిన వచ్చు మట్టిలో చాల భాగము ఈ చచ్చిన పొలుసే.

ఈ చచ్చిన కణములు పదునైదు ఇరువది వరుసలు పేర్చియుండును. అన్ని వరుసలు కలిసి మిల్లీమీటరులో ఏబదవ వంతు మందము. నోటుపుస్తకపు కాగితములో అయిదవ వంతు. అరచేతిలోను అరికాలిలోను మాత్రము చాల ఎక్కువ మందముండును. వరుసల నడుమ కొవ్వు నిండియుండును. ఇటుక గోడతో పోల్చినచో చచ్చిన కణములు ఇటుకలు, కొవ్వు వాని నడుమ అడుసు. ఇంత పలుచని గోడ లేకపోయినచో మన ఒంటిలోని నీరంతయు కోసి ఎండలో వేసిన గడ్డిలో వలె ఆరిపోవును. ఒళ్లు కాలినవారిని ఆసుపత్రికి తీసికొనిపోగానే డాక్టర్లు ముందుగా సెలైన్ ఎక్కించుట మీరు చూచియుందురు. గోడ పోయినది గనుక నీరు పోవుచున్నది, అదియే కారణము.

చర్మమునకు ఇతర పనులును ఉన్నవి. ఎండ తగిలినపుడు డి విటమినును తయారుచేయును. నలుపురంగు నిచ్చు మెలనిన్ అను పదార్థము ఎండలోని చెడు కిరణములను ఆపును. ఎండలో పనిచేయు మనకు అది గొప్ప మేలు. అయితే ‘మాది ఎండకు మాడి మొద్దుబారిన చర్మము, పట్నపువాళ్ల వలె సుకుమారము కాదు, మందు మమ్ము ఏమి చేయును’ అని చెప్పు రైతులున్నారు. మెలనిన్ ఎండను ఆపును గాని మందును ఆపదు. అడుసులోని కొవ్వు తెల్లవారికి, నల్లవారికి, మనకు అందరకు ఒకే జాతిది.

నూనెలో కరగు పదార్థము చర్మమును ఎట్లు దాటునో మిరప పండించువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కల్లములో తాలుకాయలు ఏరిన వారికి, తొడిమలు తీసిన ఆడవారికి సాయంకాలము చేతులు మండును. నీళ్లతో ఎంత కడిగినను ఆ మంట పోదు. మిరపలోని కారము నూనెలో కరగునది. నీటికి లొంగదు, చర్మపు అడుసులో దూరి కూర్చుండును. చేతికి కొంచెము నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగిన కొంత తగ్గును. కారము చర్మములోనికి పోయినదని మనకు ఎట్లు తెలిసినది? మంట వలన తెలిసినది. పురుగుమందు కూడ అదే దారిన పోవును. కాని చాల మందులకు మంట ఉండదు. చర్మములో వేడిని, చలిని, నొప్పిని, దురదను తెలుపు నరములున్నవి గాని విషమును తెలుపు నరము లేదు. మంట లేదు గనుక మందు లోపలికి పోలేదనుకొనుట వలననే ఎక్కువ నష్టము జరుగుచున్నది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొన్ని ముఖము మీద చిమచిమలాడించును. ఒక దినములో అది తగ్గిపోవును. అంతకంటె ఎన్నో రెట్లు విషము గల మందులు చప్పుడు లేక పోవుచున్నవి.

ఇందులో వింత లేదు. పురుగు ఒంటి మీద మైనపు పూత ఉండును. ఒంటికి తగిలిన మాత్రముననే పురుగు చావవలెనన్న మందు ఆ మైనమును దాటవలెను. కావున మైనము, కొవ్వు దాటు గుణము గల పదార్థములనే ఏరి మందులుగా చేసినారు. పురుగు మైనమును దాటగలది మన కొవ్వును చూచి ఆగుట కల్ల. పైపెచ్చు, డబ్బా మీద ఇ.సి. అని వ్రాసియుండు మందులలో విషమును నూనె వంటి ద్రావకములో కరగించి, నీటిలో కలియుటకు సబ్బు వంటి పదార్థమును చేర్చుదురు. ఆ ద్రావకము చర్మములోని కొవ్వును కరగించి దారిని మరింత వెడల్పు చేయును.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడుడు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు కలుపుమని చెప్పినారనుకొందము. అనగా డబ్బాలోని చిక్కని మందు పంపులోని మందుకన్న 500 రెట్లు గట్టిది. చిక్కని మందు ఒక చుక్క చేతిమీద పడుట పంపులోని మందు 500 చుక్కలు పడుటతో సమానము. మందు కొట్టునపుడు చొక్కా వేసికొనువారు కూడ కలుపునపుడు మూతతో కొలిచి బకెట్టులో చేయిపెట్టి కలుపుచున్నారు. దినమంతటిలో మిక్కిలి ప్రమాదకరమైన రెండు నిమిషములు అవియే. ఒక్క జత రబ్బరు తొడుగులు కొనుటకు మాత్రమే డబ్బున్నచో వానిని మందు కలుపువానికి ఇయ్యుడు. కొట్టువానికి తరువాత చూడవచ్చును.

నీటిలో కరగునవి దాటలేవని ముందు చెప్పితిని. గడ్డిమందులలో పారాక్వాట్ అట్టిది. గాయము లేని చర్మమును అది చాల కొద్దిగా మాత్రమే దాటును. కాని చర్మము చిట్లియున్నను, గీసుకొనియున్నను, మందు తడిసిన బట్ట గంటల తరబడి ఒంటికి అంటియున్నను సంగతి మారును. అది చర్మమును పుండుచేసి, ఆ పుండు ద్వారా లోపలికి పోవును. దానికి విరుగుడు లేదు. మడమల పగుళ్లు, కంపగీరిన పిక్కలు, నాట్ల నీటిలో నాని తెల్లబడి చీలిన కాలివేళ్ల సందులు మన రైతులకు మామూలే. అవన్నియు గోడలో ఇటుకలు ఊడిన చోట్లని తెలిసికొనవలెను.

నీటిలోను నూనెలోను కూడ కరగునవి కొన్ని ఉన్నవి. నికోటిన్ వానిలో ఒకటి. పొగాకు పండించు ప్రకాశము, పశ్చిమ గోదావరి ప్రాంతముల వారు ఇది వినవలెను. తెల్లవారుజామున మంచుతో తడిసిన పచ్చి ఆకు కోసి, చంకన ఇరికించుకొని మోసినవారికి తల తిరుగుట, డోకులు, తలనొప్పి వచ్చుట కలదు. ఏ మందును కొట్టకున్నను వచ్చును. ఆకులోని నికోటిన్ మంచునీటిలోనికి దిగి, అక్కడినుండి చంక చర్మము ద్వారా రక్తములోనికి పోవుటయే కారణము. చుట్ట కాల్చనివారికి ఇది మరింత తెలియవచ్చును. మంచు ఆరిన పిదప కోయుట, తడిసిన చొక్కా మార్చుట దీనికి ఉపాయములు.

లోపలికి పోయిన మందు ఏమి చేయును? సేంద్రియ భాస్వర మందుల సంగతి చెప్పుదును. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ మొదలగునవి ఈ జాతివి. మన కణముల గోడలో ఉన్న భాస్వరమే వీనిలోను ఉన్నది, కూర్పు వేరు. నరము కండరమునకు ఆజ్ఞ ఇయ్యవలెనన్న ఎసిటైల్ కోలిన్ అను పదార్థమును చిమ్మును. కండరము ముడుచుకొనును. ఆజ్ఞ నెరవేరగానే ఆ పదార్థమును చెరిపివేయుటకు కోలినెస్టరేజ్ అను ఎంజైము అక్కడ కావలి ఉండును. ఒక్కొక్క ఎంజైము అణువు సెకనునకు వేలకొలది అణువులను చెరుపును. ఈ మందు పోయి ఆ ఎంజైమును పట్టుకొని కదలకుండ చేయును. అప్పుడు ఆజ్ఞలు చెరగక పేరుకొనును. నోటివెంట చొంగ, కంట నీరు, ఒళ్లంతయు చెమట, కడుపులో మెలిపెట్టు నొప్పి, విరేచనము, కండరములు అదురుట, కంటిపాప సూదిమొన యంత చిన్నదగుట, చివరకు ఊపిరితిత్తులలో నీరు చేరి, ఊపిరి తీయు కండరములు పనిమానుట. పురుగులోను ఇదే ఎంజైము ఉన్నది, ఇదే విధముగా చచ్చును. మందుకు పురుగని, మనిషియని భేదము తెలియదు; మోతాదు భేదము మాత్రమే.

ఒకసారి పట్టువడిన ఎంజైము చాలవరకు తిరిగి రాదు. శరీరము క్రొత్తది చేసికొనవలెను. రక్తములోని ఎర్రకణములలో అది దినమునకు నూటికి ఒక పాలు చొప్పున మాత్రమే పూడుకొనును. అందుచేత ఈ విషము అప్పువంటిది. సోమవారము కొంత, గురువారము కొంత, మరుసటి వారము కొంత చేర్చుకొనుచు పోయినచో, చివరి దినమున కొట్టినది ఒక్క ట్యాంకే యైనను మనిషి పడిపోవును. ‘నిన్న పది ట్యాంకులు కొట్టినను ఏమి కాలేదు’ అను మాటకు అర్థము లేదు. తన చేను మాత్రమే చూచుకొను రైతు కన్న, కూలికి ఊరందరి చేలలో దినదినము మందు కొట్టువానికి ప్రమాదమెక్కువ. అట్టివానిని పిలిచిన రైతు కూలితో పాటు సబ్బుబిళ్ల, రెండు బిందెల మంచినీరు గట్టుమీద పెట్టుట ధర్మమని నా అభిప్రాయము.

ఒంటి మీద అన్ని చోట్ల చర్మము ఒకే తీరున దాటనియ్యదు. 1971లో అమెరికాలో మైబాక్ అను చర్మవైద్య పండితుడు, ఆయన తోడివారు స్వచ్ఛందముగా వచ్చిన మనుష్యుల ఒంటి మీద కొలిచిన కొద్దిపాటి పెరాథియాన్ రాసి, ఎంత లోపలికి పోయినదో మూత్రమును పరీక్షించి లెక్కకట్టిరి. పెరాథియాన్ సేంద్రియ భాస్వర మందే. దాని జాతిలోని మిథైల్ పెరాథియాన్ మన దేశములో 2018లో నిషేధింపబడినది. ముంజేతి మీద రాసినదానిలో నూటికి 9 పాళ్ల లోపు లోపలికి పోయినది. అరచేతి నుండి 12, పొట్ట నుండి 18, చేతివెనుక నుండి 21, నడినెత్తి నుండి 32, నుదుటి నుండి 36, చెవి రంధ్రము నుండి 46, చంక నుండి 64. వృషణముల మీది చర్మము నుండి రాసినదంతయు పోయినది. వినుటకు మోటుగా తోచినను ఈ సంగతి దాచిన మేలు లేదు. ఆ చర్మము పలుచనిది, ముడుతలు గలది, ఎప్పుడును చెమ్మగా ఉండునది. 1775లోనే లండనులో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు పొగగొట్టములు తుడుచు పనివారికి ఆ చోటనే మసి నిలిచి పుట్టకురుపు వచ్చుచున్నదని వ్రాసినాడు.

ఇప్పుడు వీపు మీద పంపు కట్టుకొన్న రైతును మరల తలచుకొనుడు. మూతలోని వాషరు అరిగిపోయినది. అడుగు వేసినప్పుడెల్ల మందు తొణికి వీపు మీదుగా కారి, నడుము దగ్గర లుంగీని తడుపును. తడిసిన లుంగీ తొడల నడుమ అంటుకొని రెండు మూడు గంటలుండును. ముంజేతి మీద పడినదానికన్న అక్కడ పడినది పదిరెట్లకు పైగా లోపలికి పోవును. ఇంకొక సంగతి. మందు చేతులతో మూత్ర విసర్జనకు పోవుదురు. పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనువారు చాలమంది ఉన్నారు. మూత్రమునకు పోవుటకు ముందు కడుగుకొనువారు అరుదు. ముందు కడుగుటయే ముఖ్యము. నాజిల్ అడ్డుపడినపుడు నోటితో ఊదువారిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు, గడ్డిపుల్లతో తీయవలెను.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన వారు వందలకొలది ఆసుపత్రుల పాలైరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. యవత్‌మాళ్ మన ఆదిలాబాదు జిల్లాకు సరిహద్దే. ఆ నల్లరేగడియే, ఆ పత్తియే. ఆ సంవత్సరము పత్తిచెట్లు మనిషి ఎత్తున పెరిగినవి. మందును పైకెత్తి కొట్టవలసి వచ్చినది. తల మీద, ముఖము మీద, మెడ మీద పడినది. ఇప్పుడు చెప్పిన లెక్కలో నుదురు, నెత్తి, చెవి ఎక్కడ ఉన్నవో చూచితిరి గదా. పైరు భుజము దాటిన తరువాత వీపుపంపుతో చొచ్చుకొనిపోయి కొట్టుట మానవలెను. అంత ఎత్తు పెరుగక మునుపే తలలు త్రుంచుట, సాళ్లు ఎడముగా వేయుట మేలు.

ఒళ్లంతయు రబ్బరుతో కప్పుకొనుడని చెప్పుట సులభము. చెప్పువారు నీడలో కూర్చుండి చెప్పుదురు. చర్మమునకు ఇంకొక పెద్ద పని ఉన్నది, ఒంటిని చల్లబరచుట. మన చర్మములో 20 నుండి 40 లక్షల చెమట గ్రంథులున్నవి. మట్టికుండలోని నీరు చల్లబడు సూత్రమే ఇక్కడను: చెమట ఆరునపుడు వేడిని తీసికొనిపోవును. ఒక లీటరు చెమట ఆరిన 580 కిలో కేలరీల వేడి పోవును. 30 డిగ్రీల మీద నున్న ఎనిమిది లీటర్ల నీటిని మరుగుదాక కాచుటకు పట్టునంత వేడి అది. ఎండలో కష్టపడువానికి గంటకు లీటరు చెమట పట్టుట సామాన్యము. రబ్బరు కప్పినచో ఆ చెమట ఆరదు, వడదెబ్బ తగులును. కప్పకున్నచో మందు పోవును. అంతేకాదు, వేడికి చర్మము క్రింది రక్తనాళములు వెడల్పగును. చల్లని వేళ అర లీటరు కన్న తక్కువగా పారు రక్తము, మిక్కిలి వేడిలో నిమిషమునకు ఆరేడు లీటర్ల వరకు పారగలదు. చెమటకు నానిన అడుసు వదులగును, క్రింద రక్తము వరద కాలువవలె పారును. దాటిన మందును దాటినట్లే కొనిపోవును. మిట్టమధ్యాహ్నము కొట్టిన మందు పురుగుకన్న మనకే ఎక్కువ అందును.

కావున వేళ మార్చుట మొదటి రక్ష. ఉదయము మంచు ఆరిన తరువాత, ఎండ ముదురక ముందు, లేదా సాయంకాలము. గాలివాలుకు నడచుచు కొట్టవలెను, ఎదురు కాదు. ఒంటికి నిండు చేతుల నూలు చొక్కా, లుంగీకి బదులు పంట్లాము. నూలు చెమటను ఆరనిచ్చును; పొడిగా ఉన్నంతవరకు మందునును చాలవరకు ఆపును. తడిసిన క్షణము నుండి అదే బట్ట మందును ఒంటికి అదుముచుండును. కావున రెండవ జత గట్టుమీద ఉండవలెను. రబ్బరు, ప్లాస్టిక్ తడియు చోట్ల మాత్రమే చాలును. వీపునకు, నడుము క్రిందికి ప్లాస్టిక్ పట్టా ఒకటి కట్టుకొనుడు. ఎరువు సంచి లోపలి ప్లాస్టిక్ తొడుగును కడిగి, కోసి, తాడు కట్టిన సరిపోవును. దీనికి పైస ఖర్చులేదు. పురుగుమందు వచ్చిన సంచి మాత్రము పనికిరాదు. పంట్లామును బూట్ల వెలుపలికి వదలవలెను. లోపలికి దోపినచో కారిన మందు బూటులో నిలిచి కాలిని నానబెట్టును. మందు కొట్టుటకు ముందు ఒంటికి కొబ్బరినూనె రాసికొనిన అంటదని కొందరు చెప్పుదురు. మిరప కారమునకు నూనె పనికివచ్చినది గదా యని దీనికి వాడరాదు. నూనెలో కరగు విషమునకు అది దారి చూపునది.

చిక్కని మందు ఒంటిమీద పడిన క్షణముననే పని ఆపి సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగవలెను. ఇంటికి పోయి కడుగుదమని ఆగరాదు. మొదటి నిమిషములలో మందు పైననే ఉండును. గంటలు గడచినకొలది అడుసులో దిగి, అక్కడ నిలువ చేరి, కడిగిన తరువాత కూడ మెల్లమెల్లగా లోపలికి పోవుచుండును. ఆలస్యమైనను కడుగుట మానరాదు. గోళ్ల సందులు, చెవుల వెనుక, తల వెండ్రుకలు మరువరాదు.

మందు బట్టలు ఉతుకు తల్లులకు ఒక మాట. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలుపవద్దు. చేతితో పిసుకక ముందు రెండుమారులు నీళ్లు పోసి జాడించి, ఆ నీరు చెరువులోను బావి దగ్గరను గాక బీడు నేలమీద పారబోసి, తరువాత సబ్బు పెట్టవలెను. మందు కొట్టిన మరునాడే కలుపు తీయుటకు, పత్తి తీయుటకు పోవు ఆడవారికి ఆకుల మీది తడి చేతులకు అంటును. డబ్బా మీద ఎన్ని దినములు ఆగవలెనని వ్రాసియున్నదో అన్ని దినములు ఆగవలెను. డబ్బా మీది రంగు గుర్తును ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఎవరైన చూచి చెప్పగలరు: ఎరుపు మిక్కిలి విషము, దాని తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడ త్రాగునీరు కాదు.

మందు కొట్టి వచ్చినవాడు సొమ్మసిల్లిన మన ఊళ్లలో వడదెబ్బ యని మజ్జిగ త్రాగించి నీడన పడుకొనబెట్టుదురు. ఈ తప్పు వలన ప్రాణములు పోవుచున్నవి. గట్టి వడదెబ్బలో నోరు ఎండును, ఒళ్లు కాలును. మందు తగిలినవానికి నోట చొంగ కారును, కండరములు అదురును, కంటిపాప సూదిమొన యగును. అనుమానమున్నచో మందే యనుకొనుడు. మజ్జిగ, పాలు, నూనె, ఉప్పునీరు ఏదియు పోయవద్దు. తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో ఒళ్లు కడిగి, ఒక ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టి, 108కి ఫోను చేయుడు. కడుగువాడు చేతులకు తొడుగులు గాని ప్లాస్టిక్ సంచులు గాని వేసికొనవలెను. మందు డబ్బాను, కనీసము దాని చీటీని రోగితో పంపుడు. ఈ జాతి మందులకు అట్రోపిన్ అను సూదిమందు ఉన్నది. ఏ మందో తెలిసినచో డాక్టరు ఒక్క నిమిషము వృథా చేయడు.

ఇక పంపుల సంగతి. మందు కలుపక ముందు ట్యాంకును మంచినీటితో నింపి, మూత బిగించి, ఒక ప్రక్కకు వంచి చూడుడు. మూత దగ్గర, గొట్టము బిగింపు దగ్గర, ట్రిగ్గరు దగ్గర చెమ్మ కనిపించిన ఆ దినము పంపు పట్టరాదు. అయిదు నిమిషముల పని. మీలో చాలమంది పంపులు వెంట తెచ్చినారు. ఇప్పుడు బయట చింతచెట్టు క్రింద నీళ్ల తొట్టి పెట్టించితిమి; వాషర్లును తెప్పించితిమి. వరుసగా రండి, ఒక్కొక్క పంపునే నింపి చూతము.